తువ్వాల వేసుకొని కోటకు పోయిన రోజు

ఓరుగల్లు కోట మీద ఎన్ని దండయాత్రలు జరిగాయో బడికి పోయినవాళ్లకు తెలుస్తుంది. నేను పోలేదు. నాకు తెలిసిన దండయాత్ర ఒక్కటే, అది నేను చేసింది. ఏనుగులు లేవు, ఫిరంగులు లేవు. ఇద్దరు మనవరాళ్లు, ఒక సంచి, భుజం మీద ఒక తువ్వాల. పొద్దున పదింటికి కోటలో అడుగుపెట్టి, పన్నెండు కాకముందే నా కొంప నేనే కూల్చుకొని బయటికొచ్చాను. రాతి తోరణాలు మాత్రం చెక్కుచెదరలేదు. మండటానికి వాటికి కళ్లు లేవు కదా.

నవ్వుకోండి, నవ్వడానికే చెబుతున్నాను. మధ్యలో నా గొంతు జీరపోయినట్టు అనిపిస్తే పట్టించుకోకండి. అది ఎన్నో ఏళ్లుగా పీల్చిన దుమ్ము.

నేను ఎనుమాముల మార్కెట్లో ముప్పై ఐదేళ్లు మిర్చి బస్తాలు మోసిన హమాలీని. మిర్చి సీజన్లో ఆ యార్డులోకి కొత్త మనిషి వస్తే గేటు దగ్గర మొదలైన తుమ్ము తిరిగి గేటు దాటేదాకా ఆగదు. మేం మాత్రం ఆ బస్తాల మీదే కూర్చొని సద్ది తింటాం, ఆ బస్తాల మీదే కునుకు తీస్తాం. మా ఒంట్లో పారేది రక్తమో ఎర్ర పచ్చడో ఏ డాక్టరూ చూసి చెప్పలేదు. 'మాకు కారం అంటదు' అని మీసం తిప్పేవాళ్లం. అంటకపోవడం కాదు, అంటీ అంటీ మాకు తెలియకుండా పోయింది. ఈ తేడా నాకు అర్థమయ్యేసరికి అరవై దగ్గర పడ్డాయి. ఆ వయసులో కూడా ఎంత కుర్రబుద్ధో మీరే చూస్తారు.

హమాలీ ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంటుంది. మిర్చి రోజుల్లో పని తువ్వాల గడప దాటి లోపలికి రాదు. దర్వాజ బయట ఒక మేకు ఉంటుంది, దానికే తగిలించాలి. మనిషి చేతులకు నూనె రాసుకొని, శనగపిండితో రుద్ది కడుక్కొని, అప్పుడు లోపలికి రావాలి. ఇంట్లో పసిపిల్లలుంటే ఇంకా గట్టి. మా బిడ్డ గ్రేసు పుట్టింది సరిగ్గా సీజన్ మొదట్లో. నా భార్య సువార్తమ్మ దర్వాజలో పోలీసులా నిలబడేది. ఎన్నిసార్లు కడుక్కున్నా, "ఇంక ఘాటు పోలే, దూరంగనే ఉండు" అనేది. నా బిడ్డ మొదటి ఐదు నెలల మొహం నేను గుమ్మం ఇవతల నుంచే చూశాను. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే వరస. పిల్ల పెద్దదైపోయింది. నేను తుడవాల్సిన ముక్కు ఒక్కటీ నాకు దొరకలేదు.

అందుకే మనవరాళ్ల మీద పడ్డాను.

గ్రేసు పెళ్లయి మడికొండలో కొత్త అపార్టుమెంటులో ఉంటుంది. అల్లుడు సునీలు అక్కడే కంపెనీలో పని చేస్తాడు. మా గల్లీ నుంచి మడికొండకు ఆటోలో ముప్పావు గంట. ఢిల్లీ ఏమీ కాదు. కాని ఆ లిఫ్టు ఎక్కి ఐదో అంతస్తుకు పోవాలంటే నాకు ఏడాదికి ఒకసారే ధైర్యం వచ్చేది. పెద్ద మనవరాలు షైనీకి అప్పుడు ఎనిమిదేళ్లు, చిన్నది జోయికి నాలుగు. ఆ ఎండాకాలం గ్రేసుకు ఆఫీసులో ఏదో ట్రైనింగు పడింది. సెలవులన్నాళ్లూ పిల్లలను ఎక్కడ ఉంచాలన్నది ప్రశ్న. అల్లుడు మా ఇంటికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మామయ్యా, సమ్మర్ క్యాంపుల ఎయ్యాల్నా, మీ దగ్గర ఉంచాల్నా అని సోచాయిస్తానం."

"క్యాంపెందుకు అల్లుడా? మేమేమన్న సచ్చినమా?"

సువార్తమ్మ నా తొడ గిల్లింది. అల్లుడు నెమ్మదస్తుడు, నవ్వి ఊరుకున్నాడు.

"అట్ల కాదు మామయ్యా. పిల్లలు ఏసీకి అలవాటైన్రు. మీతోటి ఎప్పుడు ఒంటిగ లేరు. ఒక్కరోజు మీరే బయటకి తీస్కపోయి తిప్పుండ్రి. వాళ్లు మంచిగ ఉంటే సెలవులన్ని ఈడనే ఉంటరు."

అంటే పరీక్ష. యాభై ఐదేళ్ల వయసులో మా చర్చి సాయంత్రం బడిలో పలక పట్టుకొని అ ఆ లు దిద్దినప్పుడు కూడా నాకు ఇంత వణుకు పుట్టలేదు. ఒక్కరోజు గట్టెక్కితే నెలన్నర పాటు ఇద్దరు పిల్లలు నా ఇంట్లో, నా మంచం మీద, నా కంచంలో. నేను రెండు రోజులు కూర్చొని కాగితం మీద రాసుకున్నాను: 'కోట. తర్వాత జంతువులు. తర్వాత పడవ. ఐస్క్రీము.' అడుగున గ్రేసు ఫోను నంబరు. రాత వచ్చిన కొత్తలో మనిషికి పిచ్చి ఉంటుంది. ప్రతి బస్సు పేరూ, ప్రతి గోడ మీది నోటీసూ పైకి చదివేవాణ్ణి. 'ఇక్కడ మూత్రం పోయరాదు' అన్నదాన్ని కూడా కీర్తన చదివినంత భక్తిగా చదివేవాణ్ణి.

యార్డుకు సెలవున్న రోజు చూసి ముహూర్తం పెట్టుకున్నాం. ముందురోజు సాయంత్రం దాకా నేను బస్తాలు మోస్తూనే ఉన్నాను. తెల్లారి తలంటుకొని, తెల్ల ధోవతి కట్టుకొని, చేతులకు మూడుసార్లు శనగపిండి పట్టించాను. పెళ్లికొడుకు కూడా అంత రుద్దుకోడు.

"ఇగో, కొత్త తువ్వాల మంచం మీద పెట్టిన. అదే ఏస్కపో," అంది సువార్తమ్మ పొయ్యి దగ్గర నుంచి. పిల్లలు పొద్దుగూకే వేళకు మా ఇంటికే వస్తారని కోడికూర వండుతోంది. "దర్వాజ బయటిది ముట్టకు."

"నాకు తెల్వదానే?"

"నీకు తెల్వనిది ఏమున్నది? గోడలన్ని చదువుతవాయె."

అంతలో బయట కారు హారను మోగింది. పిల్లలొచ్చారు! నేను ఉరికాను. గడప దాటాను. ఇక్కడ కొంచెం ఆగి నా చేతిని చూడండి. ముప్పై ఐదేళ్లుగా ప్రతి పొద్దూ గడప దాటగానే ఆ చెయ్యి మేకు మీదికి పోతుంది. నన్ను అడగదు, నాకు చెప్పదు. ఆ పొద్దు కూడా పోయింది. మేకు మీది తువ్వాల నా భుజం మీదికి వచ్చింది. కొత్త తువ్వాల మంచం మీదే మడత విప్పకుండా పడుకుంది. మీకు ఇప్పుడే తెలిసిపోయింది. నాకు తెలియడానికి ఇంకా రెండు గంటలు పట్టింది, ఇద్దరు పిల్లల నాలుగు కళ్లు పట్టాయి.

అల్లుడు ఒక సంచి ఇచ్చాడు. టోపీలు, నీళ్ల సీసాలు, ఎండకు పూసుకునే తెల్ల మందు, ఒక డబ్బా.

"ఇదేంది అల్లుడా?"

"తడి టిష్యూలు మామయ్యా. పిల్లల మొహాలు, చేతులు తుడ్వనీకి."

నేను ఆ డబ్బాను చూసిన చూపు చూడాల్సింది. కాగితంతో మొహం తుడుచుకునే కాలమొచ్చిందా అనుకుంటూ సంచి అడుక్కు తోసేశాను. ఆటో మాట్లాడుకొని బయలుదేరాం. కాసేపటికి జోయి తుమ్మింది. తర్వాత ఆటో డ్రైవరు తుమ్మాడు.

"దుమ్ము," అన్నాను నేను, పెద్ద తెలిసినవాడిలా.

కోటలో మొదట నేను చేసిన పని బోర్డు చదవడం. ఒక్కో అక్షరం మీద కాలు మోపి, నిలదొక్కుకొని, తర్వాతి అక్షరం మీదికి దాటాను. మొదటి వరస అయ్యేసరికి వెనక్కి తిరిగి చూస్తే పిల్లలు లేరు. రాతి ఏనుగు మీద ఎక్కి కూర్చున్నారు.

"తాతా, ఇవన్ని ఎవరు కట్టిన్రు?" అంది షైనీ.

"రాజులు."

"ఏ రాజులు?"

"పెద్ద రాజులు."

"బోర్డు చదివినవ్ గదా, పేర్లు చెప్పు."

"ఇంక పేర్ల దాక రాలే బిడ్డా."

అది మూతి ముడుచుకుంది. పరీక్షలో మొదటి ప్రశ్నకే సున్నా. అంతలో అది తోరణం పైనున్న అడ్డరాయిని చూసి నోరు తెరిచింది.

"అంత పెద్ద రాయి పైకెట్ల పోయింది తాతా? రాజు మోసిండా?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. నా పాఠం ఇది! "రాజెందుకు మోస్తడు బిడ్డా? నా అసోంటోడు మోసిండు," అని అక్కడే ధోవతి ఎగ్గట్టి చూపించాను. బరువు ఎత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్లు వంగాలని. ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో, ఎప్పుడు వదలాలో. పదిమంది ఒక్క గొంతుతో 'హైసా' అంటే బండ ఎట్లా కదులుతుందో. ఇద్దరూ నోళ్లు తెరుచుకొని విన్నారు.

"మరి వాళ్ల పేర్లు బోర్డు మీద ఉన్నయా?" అంది షైనీ.

"లేవు."

"ఎందుకు?"

"బోర్డు రాసేటోళ్లు మొయ్యరు బిడ్డా. మోసేటోళ్లకు రాయరాదు."

"నీకు రాయొస్తది గదా. నువ్వు రాయి."

ఇదిగో, రాస్తున్నాను. అప్పుడు మాత్రం మాట మార్చడానికి జోయిని బస్తాలా వీపు మీదికి ఎత్తుకున్నాను. అది కిలకిలా నవ్వుతూ నా భుజం మీద బుగ్గ ఆనించింది. ముప్పై ఐదేళ్లలో నేను మోసిన వాటిలో నా మెడ చుట్టూ చేతులు వేసిన బరువు అదొక్కటే. కోట చుట్టూ తిరిగాను. ఎండ మాడిపోతోంది. చెమట కారిపోతోంది. తువ్వాల తడిసింది. తడిసిన మిర్చి దుమ్ము ఏం చేస్తుందో నాకంటే బాగా తెలిసినవాడు వరంగల్లులో ఉండడు. తెలిసి ఏం లాభం?

"తాతా, బుగ్గ గులగుల అయితాంది," అంది జోయి.

"ఎండ బిడ్డా. ఐస్క్రీము తింటే తగ్గుతది."

ఐస్క్రీములు కొన్నాను. ఆ ఎండకు అవి నోట్లోకి పోయినదానికంటే గడ్డం మీదికి, ముక్కు మీదికి, మోచేతుల దాకా కారినదే ఎక్కువ. ఇద్దరి మొహాలూ సున్నం కొట్టిన గోడలు. షైనీ సంచి వైపు చెయ్యి చాపింది.

"తాతా, టిష్యూలు ఇయ్యి."

"కాగితమెందుకు బిడ్డా? తాత తువ్వాల లేదా?"

ఎంత ప్రేమగా తుడిచాననుకున్నారు! ఒక్క చోటూ వదల్లేదు. కనుకొసలు, ముక్కు పక్కలు, మూతి చుట్టూ, చెవుల వెనక. ఇన్నేళ్ల బాకీ అంతా ఆ రెండు మొహాల మీద తీర్చుకున్నాను. ముందు పెద్దదాన్ని, తర్వాత చిన్నదాన్ని. తుడిచి, వెనక్కి జరిగి, 'ఎంత ముద్దుగ ఉన్నరు' అని చూసుకున్నాను. ఆ ముద్దు పది లెక్కపెట్టేంత సేపు నిలిచింది.

షైనీ మొదట కళ్లు చికిలించింది. తర్వాత నోరు తెరిచింది. ఆ కేకకు తోరణాల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. జోయి కూడా అందుకుంది. వీరభద్రుడి జాతరలో కూడా అంత గోల ఉండదు.

"మంట! తాతా, మంట లేస్తాంది!"

"ఏం కాలే, ఏం కాలే, పురుగు పడ్డట్టున్నది," అని తువ్వాల కొసతో కన్ను తుడిచాను. కేక రెట్టింపైంది. పురుగు పెద్దదనుకొని, సీసాలో నీళ్లతో తువ్వాల తడిపి ఇద్దరికీ మొహమంతా పట్టించాను. అవును, తడిపి పట్టించాను. చదవడం ఆపి నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, నేను ఆగుతాను.

జనం మూగారు. చక్కటి గౌన్లు, బూట్లు వేసుకున్న ఇద్దరు పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తున్నారు. పక్కన నల్లగా, బక్కగా, ధోవతి ఎగ్గట్టిన ముసలోడు. జనానికి ఇంతకంటే ఏం కావాలి?

"ఏయ్ పెద్దమనిషీ, ఎవల పిల్లలు వీళ్లు?"

"నా మనవరాండ్లు."

"నీ మనవరాండ్లా?" అని ఒకడు నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "పాపా, ఈయన ఎవరమ్మా?"

కళ్లు తెరవలేని షైనీ, కోపంతో కాలు నేలకేసి కొట్టి, "నాకు తెల్వది! పొమ్మను! ముట్టుకోవద్దను!" అంది.

అంతే. ఇద్దరు నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఒకడు ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. వాచ్‌మన్ వచ్చి, "ఆధార్ ఉన్నదా కాకా?" అన్నాడు. మొహం తుడవడానికి ఆధార్ కావాలని నాకెవరూ చెప్పలేదు. జేబులో ఉన్నది ఒక్కటే, నేను రెండు రోజులు రాసిన కాగితం. అది ఇచ్చాను. అతను పైకి చదివాడు.

"కోట. తర్వాత జంతువులు. తర్వాత పడవ... ఇదేందిది? పిల్లలను ఏడికి తీస్కపోతానవ్ పడవల?"

"కింద నంబరున్నది. నా బిడ్డది. ఫోన్ చెయ్యిండ్రి," అన్నాను. నా రాతతో నేనే దొంగనయ్యాను. చదువు ఇంత పనికొస్తుందని మా చర్చి బడిలో చెప్పలేదు.

అక్కడ బుట్టలో మామిడికాయ ముక్కలు ఉప్పూ కారం చల్లి అమ్మే ఆవిడ జనాన్ని తోసుకొని వచ్చింది. పిల్లల మొహాలు చూసింది, వంగి వాసన పీల్చింది, నా భుజం దగ్గరికొచ్చి మళ్లీ పీల్చింది. ముక్కు మూసుకొని వెనక్కి దుమికింది.

"ఓ పెద్దాయినా! ఎనుమాములల పనిజేస్తవా?"

"అవు. నీకెట్ల తెల్సు?"

"నా గిన్నెలున్న కారానికన్న నీ తువ్వాలకు ఘాటెక్కువున్నది! పిల్లలను ముంచినవు గదయ్యా! ఇడ్సిపెట్టుండ్రి ఆయనను, దొంగ కాదు, ఉత్త పిచ్చోడు! పాల పాకిటు తేండ్రి ఎవలన్న, జల్ది!"

అప్పుడు చూసుకున్నాను నా భుజాన్ని. ఆ చినుగు, ఆ ఎర్ర మరక, మేకు పెట్టిన చిల్లు. నా గుండె బస్తా జారినట్టు జారింది.

ఆ తల్లి ఇద్దరినీ ఒళ్లో పడుకోబెట్టుకొని, మంచినీళ్లు ధారగా పోసి కళ్లు కడిగింది, బుగ్గలకు పాలు పట్టించింది. నన్ను మాత్రం పది అడుగుల దూరంలో నిలబెట్టింది. "నువ్వు దగ్గరికి రాకు," అంది. ఆ మాట నాకు కొత్త కాదు. ఆ దూరం కూడా కొత్త కాదు. అచ్చం మా గుమ్మం నుంచి మంచం దాకా ఉన్నంత.

గ్రేసు, అల్లుడు వచ్చేసరికి పిల్లల ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. దవాఖానకు తీసుకపోయారు. డాక్టరు చుక్కల మందు వేసి, రెండు రోజుల్లో తగ్గుతుంది, ఫికర్ లేదన్నాడు. గ్రేసు నా భుజం మీది తువ్వాలను రెండు వేళ్లతో తీసి, ప్లాస్టిక్ కవరులో ముడివేసి నా చేతిలో పెట్టింది. అప్పుడు నెమ్మదిగా అడిగింది.

"బాపూ, నన్ను ఒక్కనాడన్న ఎత్తుకోకపోతివి, కారం అంటుకుంటదని. అప్పుడు గంత యాదికున్నది. ఇయ్యాల ఎట్ల మర్చిపోతివి?"

"అప్పుడు మీ అమ్మ దర్వాజల నిలబడుతుండె బిడ్డా," అన్నాను.

అల్లుడు మంచివాడు. నా వీపు మీద చెయ్యి వేశాడు. "మీ తప్పేం లేదు మామయ్యా. కాని..." అని ఆగాడు. ఎన్నో బరువులు ఎత్తినవాణ్ణి, ఆ 'కాని' దగ్గర నడుం విరిగింది. మోకాళ్లు వంచినా లేవలేదు.

ఇంటికొచ్చాను. సువార్తమ్మ నలుగురికి కంచాలు పెట్టుకొని కూర్చుంది. నా మొహం చూసింది, కవరు చూసింది, మంచం మీద మడత విప్పని కొత్త తువ్వాల చూసింది. రెండు కంచాలు తీసేసింది. పిల్లలు తింటారని ఆ రోజు కోడికూరలో చిటికెడు కారం కూడా వెయ్యలేదు. మా ఇద్దరి కాపురంలో కారం లేని కూర తిన్నది ఆ ఒక్క పూటే. చప్పగా, గడ్డిలా ఉంది. కన్నీళ్లు వస్తే సాకు చెప్పుకోవడానికి కూడా అందులో ఏమీ లేదు.

పిల్లలు క్యాంపుకు పోయారు. మరుసటి ఏడు కూడా క్యాంపే. ఒకసారి జోయి పుట్టినరోజుకు లిఫ్టు ఎక్కి పోతే, వాళ్ల ఫ్రిజ్ మీద ఒక బొమ్మ అంటించి ఉంది. క్యాంపులో 'మా తాత' అని వెయ్యమన్నారట. బస్తాలాంటి ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లు, భుజం మీద మంట లేస్తున్న ఎర్ర జెండా. కింద వంకర టింకర అక్షరాలు. నావీ అట్లాగే ఉంటాయి. కూడబలుక్కొని పైకి చదివాను: 'కా-రం తా-త'. అందరూ పగలబడి నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వుతూ జోయి మూతికి అంటిన కేకు వైపు చెయ్యి చాపాను. అల్లుడు ఎంతో మర్యాదగా ఆ తడి టిష్యూల డబ్బా నా ముందుకు జరిపాడు.

"మామయ్యా, జర ముందుగాల చేతులు..."

అప్పటికి నేను పని మానేసి ఏడాది దాటింది.

ఇప్పుడు షైనీ కాలేజీకి పోతోంది, జోయి నా భుజం దాకా పెరిగింది. ఆ కొత్త తువ్వాల మా పెట్టెలో ఇంకా మడత మీదే ఉంది. వాళ్లొస్తే తీద్దామని. కాబట్టి, ఈ అక్షరాలు చదువుతున్న మీ అందరి సాక్షిగా, చేతులకు మూడుసార్లు నూనె రాసి, మూడుసార్లు శనగపిండితో రుద్ది, తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకొని, ఈ ప్రమాణం చేస్తున్నాను: బతికి ఉన్నంత కాలం నేను ఏ పిల్ల మొహమూ నా తువ్వాలతో తుడవను.

ఈ ప్రమాణం నిజానికి ఆ రోజే కోటలో చేశాను. తొమ్మిదేళ్లుగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంత నిష్ఠ మీకెట్లా వచ్చిందని నన్ను అడగకండి. తుడవమని ఒక్క మొహమూ నా దగ్గరికి రాలేదు.